చెవులు మానేదాకా

ఆదివారం పొద్దున్నే గున్నమ్మ చిన్న గిన్నెలో నీళ్ళు మరగబెట్టి, చిటికెడు ఉప్పు వేసి, కూలర్ ముందున్న స్టూలు మీద చల్లారబెట్టింది. దూదిని ఉండలుగా చుట్టి పళ్ళెంలో పెట్టుకుంది. మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడుక్కుంది. మనవరాలు మేఘనకు కుట్టించిన చెవులు రేగిన దగ్గర్నుంచి రిసాలిలోని ఆ క్వార్టర్‌లో పొద్దు ఇలాగే మొదలవుతోంది. దేవుడి దగ్గర దీపం కూడా ఈ గిన్నె తరువాతే.

"లెగవే తల్లీ. ఎండెక్కీసింది."

మేఘన కదల్లేదు. ఎనిమిదేళ్ళ పిల్ల, నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకుంది గానీ రెప్పలు మాత్రం అదురుతున్నాయి. గున్నమ్మ దిండు మీద పరిచిన పాత పంచె ముక్క వైపు చూసింది. రోజూ ఉతికి ఎండలో ఆరేసే ముక్క అది. దాని మీద మళ్ళీ పసుప్పచ్చటి మరక, ఒక పక్కన కాస్త నెత్తురు.

"ఓలమ్మ! మళ్ళీ చీమొచ్చీసిందేటి?"

"దుఖ్ రహా హై అమ్మమ్మా," అంది మేఘన కళ్ళు విప్పకుండానే.

రెండు చెవితమ్మెలూ ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. సన్నటి బంగారు తీగ పోగులు ఆ వాపులో సగం మునిగిపోయాయి. గున్నమ్మకు గుండెలో ఒక పక్క కలుక్కుమంది. రెండో పక్క ఏమైందో ఎవరూ అడక్కుండా ఉంటేనే ఆమెకు మంచిది. జుట్టు పైకెత్తి ముడి వేసి, ఉప్పునీళ్ళలో ముంచిన దూదితో చెవి వెనకాలా ముందూ అద్దసాగింది. పోగు కదలకుండా, అట్టకట్టింది నానేదాకా ఓపికపట్టి, మెత్తబడ్డాక తుడిచింది. పిల్ల పెదవి కొరుక్కుంది గానీ ఏడవలేదు.

వరండాలో హిందీ పేపరు చదువుతున్న గురునాథరావు లోపలికి తల పెట్టాడు. స్టీల్ ప్లాంటు కోక్ ఒవెన్స్‌లో ఉద్యోగమంతా చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు ఆయన డ్యూటీ అంతా కూరల సంచీతోనే.

"ఈ రోజు అల్లుడొస్తన్నాడు కదా. గుత్తొంకాయ్ చేస్తావేటి?"

"వంకాయ ఇంట్లోకి తెచ్చేవంటే చూడు. చీము పడతాది."

"చెవులేమో దానివి, పథ్యమేమో నాకు!" అని గొణుక్కుంటూ ఆయన సంచీ తీసుకుని బయటికి నడిచాడు. మామూలుగా అయితే మేఘన ఈ మాటకు పకపకా నవ్వేది. ఈ రోజు నవ్వలేదు.

మేఘన వాళ్ళమ్మ వనజాక్షి గున్నమ్మకు ఒక్కతే కూతురు. జబ్బుచేసి రెండేళ్ళ క్రితం పోయింది. జబ్బు మొదలైనప్పుడు అమ్మమ్మ ఇంటికి వచ్చిన పిల్ల ఇక్కడే ఉండిపోయింది. ఏడాది తిరిగాక అల్లుడు యుగంధర్ భాగ్యరేఖను చేసుకున్నాడు. చేసుకోమని చెప్పినవాళ్ళలో గున్నమ్మే ముందుంది. వయసులో ఉన్నవాడు, ఎన్నాళ్ళని ఒంటరిగా పడుంటాడని ఆమే నలుగురి దగ్గరా అంది. ఇల్లాలు వచ్చాక కూతుర్ని తీసుకెళ్ళిపోతాడన్న సంగతి అప్పుడు తట్టలేదో, తట్టినా పక్కకు నెట్టేసిందో, ఆమెకే తెలియాలి.

యుగంధర్‌ది కుమ్హారిలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ ఉద్యోగం. ఈ వేసవి సెలవులు అయ్యాక పిల్లను అక్కడే బళ్ళో వేస్తానని కబురు పెట్టాడు. రిసాలి నుంచి కుమ్హారి ఏమంత దూరం కాదు, లోకల్ రైలెక్కితే ఒక కునుకు తీసేలోపు వస్తుంది. అయినా ఒకసారి వెళ్ళిన పిల్ల మళ్ళీ వచ్చేది చుట్టపుచూపుగానే. ఆ మాట గున్నమ్మ మింగలేకపోయింది.

"బోసి చెవులతో ఎలగ పంపమంటావు బాబూ?" అంది ఫోన్‌లో. "దానికి ఊహ తెలిసి, అదే అడిగినప్పుడు కుట్టిద్దాంలే అమ్మా అనేది వనజ. అడిగే వయసొచ్చేసరికి అమ్మే లేకపోనాది. ఇప్పుడు కుట్టించి, వాళ్ళమ్మ దుద్దులు దాని చెవులకి పెట్టీసి, అప్పుడు పంపుతాను. చెవులు మానేదాకా నా దగ్గర ఉండనీ. మానగానే నేనే పంపీస్తాను."

పక్కనే నేల మీద బోర్లా పడుకుని మేఘన నెమలి బొమ్మ గీసుకుంటోంది. ఈ మాట ఆమె చెవిన పడిందో లేదో గున్నమ్మ చూసుకోలేదు.

రూర్కెలా నుంచి మేనమామ వరసైన సింహాద్రి వచ్చి పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే కంసాలి తీగ పోగులు వేశాడు. మొదటి రోజుల్లో గున్నమ్మ తన తల్లి చేసినట్టే చేసింది. గోరువెచ్చటి కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసి, పోగు పట్టేసుకోకుండా పొద్దునా సాయంత్రం కాస్త తిప్పేది. మేఘనకు కూడా తిప్పుకోవడం నేర్పింది. చెవులు ఎర్రబడేసరికి గాభరాపడి పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. నూనె వద్దు, తిప్పడం అసలే వద్దు, ఉప్పునీళ్ళతో తుడవండి, కడుక్కోని చేత్తో ముట్టుకోకండి, అదే మానుతుంది అందావిడ. గున్నమ్మ తు.చ. తప్పలేదు. ఇంటికొచ్చీ రాగానే మేఘనతో, "ఇంక తిప్పడం చాలు" అని చెప్పింది. పిల్ల గోళ్ళు తీసింది. మెడ తగలకుండా ముందు బొత్తాలున్న గౌన్లే తొడిగింది. వాపు తగ్గింది. ఎరుపు తగ్గింది. ఇంక మానిపోయినట్టే అనుకునేసరికి మళ్ళీ చీము. అలా తగ్గుతూ రేగుతూనే ఉంది. ప్రతిసారీ గున్నమ్మ అల్లుడికి ఫోన్ చేసి, "ఇంకా మానలేదు బాబూ, మరికొన్నాళ్ళు ఆగు" అని చెబుతూ వచ్చింది.

ఈ ఆదివారం ఆగేది లేదని యుగంధర్ బయల్దేరాడు.

నౌతపా, ఏడాదిలోకెల్లా మండిపోయే తొమ్మిది రోజుల ఎండలు. మెట్లెక్కి లోపలికొచ్చేసరికి యుగంధర్ చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది. వెనకాల భాగ్యరేఖ, చేతిలో మిఠాయి పెట్టె. ఇక్కడే వైశాలి నగర్‌లో పుట్టి పెరిగిన పిల్ల, హిందీ గలగలా మాట్లాడుతుంది గానీ తెలుగు దగ్గరికొచ్చేసరికి ఆగి ఆగి మాట్లాడుతుంది. ఈ ఇంట్లో ఎవరిని ఏమని పిలవాలో ఆమెకింకా తేలలేదు. గున్నమ్మను ఆంటీ అంటుంది. మేఘన ఆమెను అసలు ఏమీ అనదు.

మంచినీళ్ళు అందుకోకుండానే యుగంధర్ కూతుర్ని దగ్గరికి లాక్కుని చెవుల మీది జుట్టు తొలగించాడు. మొహం మాడిపోయింది.

"ఏటత్తయ్యా ఇది? పోయినసారి మానిపోతన్నాయన్నారు!"

"మానినట్టే మాని మళ్ళీ రేగుతన్నాయి బాబూ. ఎండలు కదా, చెమట..."

"మా ఫ్యాక్టరీలో లక్ష్మీప్రసాద్ కూతురికి దీని తరువాత కుట్టించారు. ఆ పిల్ల బుట్టలు పెట్టుకుని తిరుగుతోంది. దానికి పట్టదా చెమట?"

"ముందు కూచోవయ్యా," అన్నాడు గురునాథరావు. "నీళ్ళు తాగు."

"కూచోడానికి రాలేదు మావయ్యా. ప్రతిసారీ ఇదే మాట. చెవులు మానేక పంపుతానన్నారు, సరే అన్నాను. అవి మానవు. మానవా, ఎవరైనా మాననివ్వడం లేదా?"

గున్నమ్మ చేతిలో నీళ్ళ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"ఏటన్నావు బాబూ?"

"ధీరే మాట్లాడండి జీ," అంది భాగ్యరేఖ, "బచ్చీ భయపడిపోతోంది."

కానీ యుగంధర్ గొంతులో చాన్నాళ్ళ నుంచి ఉన్న మాట అది, ఇప్పుడు ఆపితే ఆగేది కాదు. "వనజ పోయాక ఆ ఇంట్లో అడుగుపెట్టాలంటేనే నాకు భయమేసేది అత్తయ్యా. దీని గొంతు నా ఇంట్లో వినపడాలని నాకుండదా? అడిగితే ఇవ్వనని చెప్పండి, పడతాను. పిల్ల ఒంటి మీద పుండు పెట్టి ఆపుతారా?"

గున్నమ్మ ముఖం పాలిపోయింది. "నా వనజ మీద ఒట్టు. డాక్టరమ్మ చెప్పిన కాడి నుంచి నేను నూనె రాయలేదు, పోగు తిప్పలేదు. ఈ పిల్ల గుంటకి కూడా చెప్పీసాను. మేఘనా, నువ్వే చెప్పే మీ నాన్నకి. తిప్పడం గురించి నేనేటి చెప్పినాను?"

మేఘన తలుపు అంచు పట్టుకుని నేల చూపులు చూస్తోంది. అందరూ తన వైపే చూస్తున్నారు. తల ఎత్తకుండానే గొణిగింది.

"చాలూ అంది."

"అదీ! విన్నావా బాబూ? ఇంక చాలు అనే కదా..."

"చాలూ అంటే చాలూ రఖ్నా," అంది మేఘన ఇంకా మెల్లగా. "తిప్పుతూ ఉండమని. ఇసీలియే మై... రోజూ తిప్పాను."

గున్నమ్మకు ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. ముందు గురునాథరావుకు వెలిగింది. "ఓర్నాయనో!" అని నెత్తి మీద చెయ్యి వేసుకున్నాడు. "హిందీ చాలూ! దుకాణం చాలూ హై, పంఖా చాలూ హై! నువ్వు ఆపమంటే గుంట నడిపించమన్నావనుకున్నాది. నేను శ్రీకాకుళం నుంచి వచ్చిన కొత్తలో ఫోర్‌మన్ మషీన్ చాలూ కరో అంటే టక్కున ఆపీసేవాణ్ణి. ఎన్ని తిట్లు తిన్నానో!"

ఆయన నవ్వాడు. భాగ్యరేఖ కూడా పైట చాటున నవ్వాపుకుంది. యుగంధర్ నవ్వలేదు గానీ ముఖంలో కోపం దిగిపోయి సిగ్గు ఎక్కింది. కుర్చీలో కూలబడి నీళ్ళు తాగాడు.

"మాట తూలాను అత్తయ్యా. క్షమించండి," అన్నాడు. గ్లాసు కింద పెట్టాడు. "కానీ చూశారా, మీ మాట దానికి ఇలా అర్థమవుతోంది. మీ తప్పు కాదు, వయసైపోయింది. పిల్లని ఇవాళే తీసుకెళ్తాను. అక్కడి డాక్టరుకి చూపిస్తాను. బట్టలు సర్దండి."

నింద తొలగిపోయిందన్న ఊరట గున్నమ్మకు ఒక్క నిమిషం కూడా నిలవలేదు. వంటింట్లోకి వెళ్ళి విస్తళ్ళు తుడిచింది.

నేల మీద వరసగా కూర్చున్నారు. కోడికూర, బీరకాయ పచ్చడి, చారు. గున్నమ్మ ఒక్కొక్కరికీ కొసరి కొసరి వడ్డించింది. భాగ్యరేఖ విస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టి, "బస్ ఆంటీ, బస్ బస్" అంది. గున్నమ్మ మేఘన వైపు తిరిగి అన్నం హస్తం వంచింది. పిల్ల అలవాటుగా అరచెయ్యి అడ్డం పెట్టింది.

"చాలు అమ్మమ్మా, చాలు."

హస్తం గాలిలోనే ఆగిపోయింది.

ఈ పిల్ల ఈ మాట రోజూ రెండు పూటలా అంటుంది. పాలగ్లాసు దగ్గర అంటుంది, తలంటేటప్పుడు అంటుంది, తాతయ్య చక్కిలిగింతలు పెడితే చాలు చాలు అని ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది. మాటలొచ్చిన నాటి నుంచీ అంటోంది. అది దాని అమ్మ నేర్పిన మాట. ఆ మాటకు అర్థం దానికి తెలియకపోవడమేమిటి?

గున్నమ్మ హస్తంలో ఉన్న అన్నం తిరిగి గిన్నెలో వేసి, చారు తెచ్చింది.

భోజనాలయ్యాక మగవాళ్ళు ముందు గదిలో నడుం వాల్చారు. గున్నమ్మ మళ్ళీ నీళ్ళు కాచి చల్లార్చి, మేఘనను వెనక వరండాలోకి తీసుకెళ్ళింది. పిల్లను ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి తను నేల మీద కూలబడింది. దూది నీళ్ళలో ముంచింది గానీ చెవి మీద పెట్టలేదు.

"మేఘనా, నీకు చాలు అంటే తెలుసు కదే?"

పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. లేచిపోబోతే గున్నమ్మ మోకాలు మీద చెయ్యి వేసింది. కొట్టే చెయ్యి కాదది.

"తెలుసు కదా?"

మేఘన తల ఊపింది.

"మరి ఎందుకే అలగ చేసినావు? నొప్పుండదేటి?"

"ఉండేది," అంది మేఘన. "బహుత్ ఉండేది. నువ్వు నిద్రపోయాక తిప్పేదాన్ని. ఖూన్ వస్తే ఆపేదాన్ని."

"ఎందుకే తల్లీ?"

పిల్ల గౌను అంచు వేళ్ళకు చుట్టుకుంది. "నువ్వే చెప్పావు కదా ఫోన్‌లో. మానేదాకా నా దగ్గర ఉండనీ, మానగానే పంపీస్తాను అని. అందుకే మాననివ్వలేదు."

గున్నమ్మ దూది పిండితే నీళ్ళు చీర మీద పడ్డాయి.

"నాకు చెప్పొచ్చు కదే. వెళ్ళనని నాకు చెప్పొచ్చు కదా."

"చెప్పడం ఎందుకు?" అంది మేఘన. కాస్త ఆశ్చర్యంగానే అడిగింది. "నీకూ అదే కావాలి కదా అమ్మమ్మా. పొద్దున్న చీము చూసి అయ్యో అంటావు. తరువాత నాన్నకి ఫోన్ చేసి ఇంకా మానలేదు అని చెప్పేటప్పుడు నీ ముఖం ఖుష్ అవుతుంది. ఆ రోజు నాకు జున్ను కూడా చేసి పెట్టావు."

కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు గున్నమ్మకు. అల్లుడు నింద వేసినప్పుడు కూతురి మీద ఒట్టు వేసింది. అబద్ధపు ఒట్టు కాదు. ఆమె నూనె రాయలేదు, పోగు ముట్టుకోలేదు. కానీ పంచె ముక్క మీద మరక చూసిన ప్రతి పొద్దూ, ఇంకొన్నాళ్ళు ఉంటుందిలే అని లోపల ఏదో వదులైన మాట నిజం. ఆ సంగతి ఆమె తనకు తానే చెప్పుకోలేదు. పక్కన కూర్చుని పెదవి కొరుక్కునే ఈ పసిదానికి మాత్రం తెలిసిపోయింది. తెలిసి, అమ్మమ్మ సంతోషం కోసం కూడా తన చెవులు తానే రేపుకుంది.

"ఓలమ్మ, నా తల్లో," అని పిల్లను ఒళ్ళోకి లాక్కుని గున్నమ్మ భోరుమంది. చెవులు తగలకుండా తలను గుండెకు అదుముకోవడం ఎలాగో తెలియక, వీపు నిమురుతూ ఏడ్చింది. మేఘన కూడా అప్పటిదాకా దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. చెవి నొప్పికి ఏడవని పిల్ల, అమ్మమ్మ ఏడిస్తే ఆగలేకపోయింది.

వంటింటి గుమ్మంలో భాగ్యరేఖ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో. చేతిలో తోమడానికి తెచ్చిన గిన్నెలు అలాగే ఉన్నాయి. గున్నమ్మ గబగబా కళ్ళు తుడుచుకుంది.

"విన్నావేటి?"

"విన్నాను ఆంటీ." భాగ్యరేఖ గిన్నెలు కింద పెట్టి, వాళ్ళకు కొంచెం ఎడంగా నేల మీద కూర్చుంది. "ఆయనకి చెప్పను. సచ్ చెప్పనా? మీరు ఫోన్ చేసి ఇంకా మానలేదు అన్నప్పుడల్లా నాకూ కాస్త హాయిగానే ఉండేది. బచ్చీ వస్తే నేను దానికి ఏమవ్వాలి? అమ్మ అవ్వాలా? అమ్మ ఉంది కదా, ఫొటోలో రోజూ కనిపిస్తుంది. డర్ లగ్తా థా."

ఆమె కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయి. గున్నమ్మ ఆ పిల్లను అప్పుడే మొదటిసారి సరిగ్గా చూసింది. ఇన్నాళ్ళూ వనజ చోట్లో వచ్చి నిలబడ్డ మనిషిగానే చూసింది గానీ, ఆ చోటికి భయపడుతూ వచ్చిన పిల్లగా చూడలేదు. ముగ్గురూ తమ తమ భయాలన్నీ తెచ్చి ఈ చిన్న చెవుల మీద పెట్టారు. ఇంక అవెలా మానుతాయి?

గున్నమ్మ మేఘన ముఖం రెండు చేతుల మధ్యకు తీసుకుంది.

"ఇటు చూడే. ఇక్కడున్నంతకాలం నీ చెవులు మానవు. నువ్వు మాననివ్వవు, నేను తిట్టలేను. అందుకని మీ నాన్నతో ఈరోజే వెళ్ళు."

"అమ్మమ్మా, నై!"

"పూర్తిగా విను. ఇదివరకు చెప్పింది తప్పు. చెవులు మానితే పంపీడం కాదు. చెవులు మానితే నువ్విక్కడికి వస్తావు. మీ అమ్మ దుద్దులు నీకిచ్చి పంపను. దేవుడి గూట్లోనే, నా దగ్గరే ఉంతాయి. ఏ దినం మానితే ఆ దినం వచ్చీ, నేనే నా చేత్తో పెడతాను. వారం పది రోజులుండి వెళ్దువు గాని. ఎంత వేగం మానితే అంత వేగం వస్తావు. మళ్ళీ తిప్పీవనుకో, నేనిక్కడ కూచుని ఎదురుచూడాలి. తెలిసిందా?"

మేఘన అమ్మమ్మ మాటను అటూ ఇటూ తిప్పి చూస్తున్నట్టుంది.

"పక్కా?"

"పక్కా."

"నేను తీసుకొస్తాను," అంది భాగ్యరేఖ. "మానిన రోజే. ఆయన డ్యూటీలో ఉన్నా, మనిద్దరం లోకల్‌లో వచ్చేద్దాం."

గున్నమ్మ గిన్నె ఆమె వైపు జరిపింది. "అయితే నేర్చుకో. చేతులు కడుక్కో ముందు. గిల్లకు, రుద్దకు. అట్టకట్టింది నానేదాకా దూది అలగే పట్టుకోవాలి."

భాగ్యరేఖ చేతులు కడుక్కొచ్చి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. దూది చెవికి ఆనించి, ఊపిరి బిగబట్టి అడిగింది.

"దుఖ్తుందా?"

"థోడా," అంది మేఘన. ఆ మనిషితో నేరుగా మాట్లాడిన మొదటి మాట అదే.

"నన్ను ఆంటీ అనకమ్మా ఇకనుంచి," అంది గున్నమ్మ చీర కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "రెండో సంబంధంగా వచ్చిన పిల్లకి మొదటామె పుట్టిల్లే పుట్టిల్లు అంటారు మా వేపు. నాకు కూతురు లేదు, నీకు మొహమాటం. ఆ నోటితో అమ్మా అను, అలవాటవుతాది."

భాగ్యరేఖ తల ఊపి, రెండో చెవి వైపు తిరిగింది.

ఎండ వాలాక ఆటో వచ్చింది. గున్నమ్మ సంచీలో గౌన్లతో పాటు ఉతికిన పంచె ముక్కలు, దూది పెట్టె, గళ్ళుప్పు పొట్లం పెట్టింది. కుమ్హారిలో ఉప్పు దొరకదా అని గురునాథరావు అనబోయి, భార్య ముఖం చూసి ఊరుకున్నాడు. యుగంధర్ వంగి అత్తగారి కాళ్ళకు దణ్ణం పెట్టాడు. పొద్దుటి మాట ఇంకా ఆయన్ను కుడుతూనే ఉంది.

"నేనలా అనాల్సింది కాదు అత్తయ్యా."

"అన్నావు, అయిపోనాది," అంది గున్నమ్మ. "నువ్వన్నదాంట్లో కొంత నిజం లేకపోలేదు బాబూ." ఆయనకు అర్థం కాలేదు. ఆమె విడమరిచి చెప్పలేదు.

ఆటో మలుపు తిరిగేదాకా మేఘన వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. చెయ్యి ఊపడానికి ఒక చెయ్యి, భాగ్యరేఖ కొంగు పట్టుకోవడానికి ఒక చెయ్యి. రెండు చేతులకూ పని ఉంది కాబట్టి చెవుల మీదికి వెళ్ళలేదు. అది గమనించి గున్నమ్మ కొంత ఊపిరి పీల్చుకుంది. తరువాత లోపలికొచ్చి దీపం పెట్టబోయి, దేవుడి గూట్లో కుంకుమభరిణె పక్కన చిన్న డబ్బీ తెరిచి చూసింది. ఎర్రరాళ్ళ దుద్దులు, వనజ చిన్నప్పటివి. మూత పెట్టి అక్కడే ఉంచింది.

దీపాలు పెట్టిన కాస్సేపటికి ఫోన్ మోగింది.

"అమ్మమ్మా! పహుంచ్ గయే, ఇంటికొచ్చేశాం."

"ఉప్పునీళ్ళు పెట్టిందా ఆవిడ?"

"అభీ చాలూ హై!" అని అటునుంచి నవ్వు వినపడింది. ఆ వెనకే భాగ్యరేఖ గొంతు, కదలకు బేటా, చెవి అటు పెట్టు, అని. ఇంకాస్త ఆగి, కొత్తగా, తడబడుతూ, "అంతా బాగుంది అమ్మా, ఫికర్ చెయ్యకండి" అని.

గున్నమ్మ సరే సరే అంటూ ఫోన్ పెట్టేసింది. పెట్టేసి, ఖాళీ మంచం మీద పిల్ల దిండు పక్కన కూర్చుంది. దిండు మీద పొద్దున్న మార్చిన తెల్లటి పంచె ముక్క, ఒక్క మరకైనా లేకుండా పరిచినట్టే ఉంది. దాన్ని చూసేసరికి పొద్దుట్నుంచీ అదిమిపెట్టిందంతా మళ్ళీ పొంగుకొచ్చింది. చెవులు తొందరగా మానాలని ఆమె మొదటిసారి మనసారా కోరుకుంది, కోరుకుంటూనే వెక్కి వెక్కి ఏడ్చింది.

గురునాథరావు వచ్చి పక్కన కూర్చున్నాడు. భార్య భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇంక చాలే గున్నమ్మా. చాలు."

ఆ మాటకు మేఘన పొద్దున్న చెప్పిన అర్థమే తీసుకుని, గున్నమ్మ ఏడుస్తూనే ఉంది.